యొకొహామా ఇళ్ల పన్ను వివాదం

జపాన్‌లో 1859లో యొకొహామా, 1868లో కోబె రేవులు విదేశీ వర్తకానికి తెరుచుకున్నప్పుడు, అక్కడ స్థిరపడిన పాశ్చాత్యులకు ప్రభుత్వం భూమిని అమ్మక, శాశ్వత కౌలుకు, అనగా ఏటా నిర్ణీత శిస్తు చెల్లిస్తూ గడువు లేకుండా అనుభవించే హక్కుతో ఇచ్చింది. 1894లో బ్రిటన్‌తోను, తరువాత జర్మనీ, ఫ్రాన్సులతోను కుదిరిన ఒడంబడికలు 1899లో అమలులోకి వచ్చి విదేశీ పేటలు జపాన్ పురపాలనలో కలిసినా, కౌలు పట్టాలలో లేని కొత్త షరతులేవీ ఆ ఆస్తిపై విధించరాదన్న నిబంధన మాత్రం మిగిలింది. ఆ మినహాయింపు నేలకే గాని దానిపై కట్టిన ఇంటికి చెల్లదని జపాన్ ఇంటి పన్ను అడుగగా, ఇళ్లు కట్టుకోవడానికే భూమి ఇచ్చినందున రెండూ విడదీయరానివని విదేశీయులు వాదించారు. పొరుగు జపనీయుడు పన్ను కడుతుండగా విదేశీయుడు కట్టకపోవడం ఏ న్యాయమన్న జపాన్ ప్రశ్న తేలికైనదేమీ కాదు.

వివాదం హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి చేరింది. ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనో, నార్వేకు చెందిన గ్రామ్ ఒకవైపు నిలువగా, జపాన్ నియమించిన మొతోనో విభేదించగా, 1905 మే 22న ఇళ్లకు సైతం మినహాయింపు ఉందని తీర్పు వెలువడింది. అయితే అది విదేశీయులందరికీ దక్కిన రాయితీ కాదు. శాశ్వత కౌలు భూమి వెలుపలి ఇంటికి అది వర్తించలేదు. 1937 నాటి ఒప్పందాల ప్రకారం ఆ కౌళ్లు 1942 ఏప్రిల్ 1న రద్దయ్యాయి.