ప్రేగువాపు తిరుగబెట్టునా? మలపరీక్ష చెప్పు జవాబు

బాధ తగ్గుట వేరు, వ్యాధి మానుట వేరు. దీర్ఘకాలికములగు ప్రేగువాపు వ్యాధుల విషయమున ఈ భేదమును కనిపెట్టుటకు వైద్యులకు చాలకాలము పట్టెను.

ఈ వ్యాధులలో ముఖ్యమైనవి రెండు. పెద్దప్రేగు లోపొరపై పుండ్లు పడు వ్యాధికి 'అల్సరేటివ్ కొలైటిస్' అను పేరును 1859లో లండను వైద్యుడు శామ్యూల్ విల్క్స్ వాడెను. 1932లో న్యూయార్కున క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ అనువారు చిన్నప్రేగు చివరిభాగమున వచ్చు మరొక వ్యాధిని వర్ణించిరి. అదియే క్రోన్ వ్యాధి. రెండును కొంతకాలము అణగియుండి, మరల తిరుగబెట్టును. నెత్తురు విరేచనములు, కడుపునొప్పి కనబడుసరికే లోపల వాపు ముదిరియుండవచ్చును. కొలొనోస్కోపు గొట్టముతో లోపల చూడవచ్చును గాని, మాటిమాటికి చూచుట రోగికి శ్రమ, వ్యయము.

వాపున్నచోటికి న్యూట్రోఫిల్ అను తెల్లరక్తకణములు గుంపులుగా చేరి, ప్రేగు గోడను దాటి మలములో కలియును. ఈ కణములకు రేడియోధార్మిక ఇండియమును తగిలించి, నాలుగు దినముల మలమును కూడబెట్టి కొలుచు పద్ధతి 1980 దశకమున వచ్చెను. అది నమ్మదగినదే గాని మిక్కిలి శ్రమతో కూడినది.

సులభమార్గము నార్వేలో దొరకెను. 1980లో ఫాగర్‌హోల్, ఆయన సహచరులు న్యూట్రోఫిల్ కణములనుండి ఒక మాంసకృత్తును వేరుచేసిరి. అది కాల్షియమును పట్టియుంచును, సూక్ష్మజీవుల పెరుగుదలను అరికట్టును. అందుచే 1990లో దానికి 'కాల్‌ప్రొటెక్టిన్' అను పేరు వచ్చెను. 1992లో నార్వే పరిశోధకులే దానిని మలములో కొలుచు విధానమును ప్రకటించిరి.

అసలు పరీక్ష 2000లో జరిగెను. ఏ బాధయు లేక కులాసాగా నున్న 80 మంది రోగుల మలమును లండను వైద్యులు ఒక్కమారు పరీక్షించి, 12 నెలలు కనిపెట్టియుండిరి. 44 మందికి వ్యాధి తిరుగబెట్టెను. తిరుగబెట్టినవారిలో నూటికి 90 మందిని, తిరుగబెట్టనివారిలో నూటికి 83 మందిని ఆ పరీక్ష ముందే సరిగా గుర్తించెను!

2017లో ప్రకటితమైన మరొక ప్రయోగమున 244 మంది క్రోన్ రోగులను రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టుకు ఈ మాంసకృత్తును, రక్తములోని వాపు సూచకమును కూడ చూచి మందు పెంచిరి. రెండవ జట్టుకు ముఖ్యముగా బాధలనుబట్టి పెంచిరి. 48 వారములకు మొదటి జట్టులో నూటికి 46 మందికి, రెండవదానిలో 30 మందికి పుండ్లు మానెను.

ఇవి పాశ్చాత్యుల వ్యాధులనియు, మన దేశమున వచ్చినను పట్టణములకే పరిమితమనియు పలువురి నమ్మకము. ఉదరబాధలు గల 30,000 మందికి పైగా పరీక్షించి హైదరాబాదు పరిశోధకులు 2023లో ప్రకటించిన ఫలితములలో పల్లెల పాలు, పట్టణముల పాలు ఇంచుమించు సమానముగా తేలెను. కనుక ఈ పరీక్ష పల్లెలకును అవసరమే. కాల్‌ప్రొటెక్టిన్ మలములో త్వరగా చెడదు. వరంగల్లు ప్రాంతపు రఘునాథపల్లి వంటి ఊరినుండి రైలులో హైదరాబాదుకు పంపిన నమూనాయు పనికివచ్చును.

ఐతే ఈ పరీక్ష వాపు ఉన్నదని చెప్పునేగాని, దాని కారణమును చెప్పదు. అంటురోగములు, ప్రేగుల క్షయ, కొన్ని నొప్పి మాత్రలు సైతము ఈ మాంసకృత్తును పెంచును. మన ప్రాంతమున వీనిని మరువరాదు. క్షయ ఉన్న రోగికి ప్రేగువాపు మందులిచ్చిన ప్రమాదము. కనుక అంకె పెరిగినచో అది తీర్పు కాదు, హెచ్చరిక. రోగి కులాసాగా నున్నపుడే వైద్యుని చెంతకు పోవలెనని అది తెలుపును.