నాన్న ఒళ్లో మూడు పాములు

1907 సెప్టెంబరు నెలాఖరు. వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తన ఆఫీసులో అటార్నీ జనరల్‌తో మాట్లాడుతున్నారు. ఆ అటార్నీ జనరల్ కూడా ఆషామాషీ మనిషి కాదు. పేరు చార్లెస్ బోనపార్ట్, సాక్షాత్తు నెపోలియన్ తమ్ముడికి మనవడు. పక్కగదిలో నలుగురు కాంగ్రెస్ సభ్యులు తమ వంతు ఎప్పుడొస్తుందా అని ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

అంతలో సుడిగాలిలా ఊడిపడ్డాడు రూజ్‌వెల్ట్ పిల్లల్లో ఆఖరివాడు క్వెంటిన్. పదో ఏడు నడుస్తోంది. రోలర్ స్కేట్ల మీద వచ్చాడు, చేతుల నిండా పాములు.

ఊళ్లో జంతువులమ్మే కొట్టాయన దగ్గర తెచ్చుకున్నవవి. ఒకటి కింగ్ స్నేక్, మూడు నాలుగడుగులుంటుంది. రాచనాగు కాదు లెండి, విషం లేని అమెరికా పాము. కాకపోతే సాటి పాముల్ని మింగే బాపతు. మిగతా రెండూ బుజ్జి పాములు. కాస్త ముందే ఆ పెద్దది ఓ బుజ్జిదాన్ని ఫలహారం చేయబోయింది కూడా. ఇంత సంబరాన్ని నాన్నకి చూపించకుండా సాయంత్రం దాకా ఆగడం ఏ పిల్లాడి తరం? మూడింటినీ తెచ్చి రూజ్‌వెల్ట్ ఒళ్లో వేశాడు.

అసలు అధ్యక్షుడి ఆఫీసు ఇంట్లోంచి బయటికి వచ్చిందే ఈ సంతానం ధర్మమా అని. 1901లో రూజ్‌వెల్ట్ దంపతులు శ్వేతసౌధంలో దిగేటప్పటికి పిల్లలు ఆరుగురు. అందులో నలుగురు మగపిల్లలు. అప్పటిదాకా అధ్యక్షుడి కాపురమూ, కచేరీ రెండూ పై అంతస్తులోనే. చోటు చాలక 1902లో పక్కన వెస్ట్ వింగ్ కట్టి ఆఫీసును అటు తరలించారు. క్వెంటిన్‌కి అది నాలుగడుగులు ఎక్కువ నడవడం తప్ప మరేం కాలేదు.

ఇంట్లో ఏం మిగిల్చారు గనక! పళ్లేల మీద కూర్చుని మెట్ల మీంచి జారేవారు. క్వెంటిన్ అన్న ఆర్చీ తట్టు పోసి మంచం పట్టినప్పుడు, వాడి పొట్టిగుర్రం అల్గాన్‌క్విన్‌ని లిఫ్టులో ఎక్కించి పడగ్గదికి తెచ్చారు. జబ్బుపడ్డవాణ్ని పలకరించాలి కదా మరి! తల్లి ఎడిత్ వీటన్నిటినీ ఓపిగ్గా భరించింది. మొగుణ్ని కూడా ఆవిడ పిల్లల జమాలోనే వేసేదని చెప్పుకుంటారు. అందులో అతిశయోక్తి ఉందని నాకైతే అనిపించదు.

అలాగని ఆయన పిల్లల్ని బొత్తిగా గాలికొదిలేసిన తండ్రీ కాదు. ఓసారి క్వెంటిన్ తన దండుతో కలిసి, ఉమ్మితో తడిపిన కాగితపు ఉండలు మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ చిత్రపటం మీద అతికించాడు. ఆ దండులో కాబోయే అధ్యక్షుడు టాఫ్ట్ కొడుకు కూడా ఉండేవాడు. సంగతి తెలిసిన రూజ్‌వెల్ట్, నిద్రపోతున్నవాణ్ని లేపుకొచ్చి ఒక్కో ఉండా వాడిచేతే పీకించారు.

పాముల విషయంలో మాత్రం నోరు చేసుకోలేదు. చూడగా అటార్నీ జనరల్‌తో పని సగంలో ఉంది. పక్కగదిలో నలుగురు పెద్దమనుషులు ఉసూరుమంటున్నారు. అక్కడికెళ్లి వాళ్లకి చూపించమని కొడుకుని పురమాయించారు. ఎంత తెలివి! గొడవ తన గదిలోంచి పోయింది, కాంగ్రెస్‌కి కాలక్షేపమూ దొరికింది.

క్వెంటిన్ ఎగిరి గంతేసి వెళ్లాడు. వాళ్లూ తనలాగే పాములంటే పడిచచ్చేవాళ్లేనని వాడి నమ్మకం. సభ్యులు మొదట చెక్కబొమ్మలనుకున్నారు. బొమ్మ కదిలింది. నలుగురూ గభాల్న వెనక్కి జరిగారు.

ఈ గలాటాలో కింగ్ స్నేక్ క్వెంటిన్ కోటు చేతిలోకి దూరి పైకి పాకడం మొదలెట్టింది. తోక పట్టి వెనక్కి లాగుదామంటే పొలుసులు అడ్డం తిరుగుతాయి, రాదు. ఇక కోటు విప్పి భుజం వైపు నుంచి బయటికి వదలడమే దారి. చివరికి దేశానికి చట్టాలు చేసే పెద్దమనిషి ఒకాయన, వేలి కొసలతో పట్టుకుని, భయం భయంగా ఆ పిల్లాడి కోటు విప్పడానికి సాయం పట్టాడు.

ఇదంతా రూజ్‌వెల్ట్ ఆ సెప్టెంబరు 28న, దూరంగా బడిలో ఉన్న ఆర్చీకి ఉత్తరంలో రాశారు. పిల్లలకు ఆయన రాసిన ఉత్తరాలు 1919లో పుస్తకంగా వచ్చాయి, ఇది అందులో ఉంది. ఆ పూట న్యాయశాఖతో ఏ రాచకార్యం చర్చించారో ఒక్క ముక్క లేదు. పాము పొడవు మాత్రం రాశారు.