పొలాస: ఒక గ్రామంలో మిగిలిన రాజ్య చరిత్ర

మధ్యయుగంలో ఒక చిన్న గ్రామం ఎలా ఉండేదో తెలుసుకోవడం ఎలా? ఇంగ్లండులో 1086లో రాజు చేయించిన డూమ్స్‌డే సర్వేలో వేలాది ఊళ్ల పేర్లు, భూముల వివరాలు నమోదయ్యాయి. తెలంగాణకు అటువంటి గ్రంథం లేదు. ఇక్కడ శాసనాలు, ఆలయాలు, ఊరి పేర్లే ముఖ్య ఆధారాలు. జగిత్యాల సమీపంలోని పొలాస ఇందుకు చక్కని ఉదాహరణ.

12వ శతాబ్దంలో ఇది పొలవాస. కల్యాణి చాళుక్యుల సామంతులు దీనిని కేంద్రంగా చేసుకొని పాలించారు. చాళుక్యుల బలం తగ్గిన కొద్దీ హనుమకొండ కాకతీయులతో వీరికి పోరు తప్పలేదు. కాకతి రుద్రదేవుడు మేడరాజు మొదలైన వారిని ఓడించాడని, పొలవాస దేశం అతని వశమైందని 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం వల్ల తెలుస్తున్నది.

అయితే ఇది గెలిచినవారు వేయించిన ప్రశస్తి. ఓడినవారి పాలన ఎటువంటిదో అది చెప్పదు. పులస్త్య మహర్షి పేరుమీద ఈ ఊరు వెలసిందనే స్థల పురాణం భక్తుల విశ్వాసాన్ని తెలుపుతుంది. దానిని శాసనంతో సమానమైన ఆధారంగా తీసుకోరాదు. ఇక మిగిలినవి పౌలస్తీశ్వరాలయం, పాత శిల్పాలు, పెద్దగా మారని ఊరి పేరు.

కాబట్టి అక్షరాలున్న ఒక రాయి ఇంటి పునాదిలో కలిసిపోతే, ఓడినవారి తరఫు సాక్ష్యం ఒకటి శాశ్వతంగా పోయినట్లే. మీ ఊరి పాత గుడిని, చెరువు కట్టను, బురుజును ఈ దృష్టితో పరిశీలించండి.