నక్షత్రం గుర్తు పార్టీ, వాక్ స్వేచ్ఛ ఖాతా

సూరత్ లోక్‌సభ స్థానానికి 2024లో పోలింగ్ జరగలేదు. మే 7న జరగాల్సింది. ఏప్రిల్ 22కే అంతా ముగిసిపోయింది. ప్రతిపాదించిన వాళ్ళ సంతకాల మీద వివాదం వచ్చి కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ చెల్లకుండా పోయింది. మిగిలిన ఎనిమిది మంది, అంటే బి.ఎస్.పి. అభ్యర్థి, చిన్న పార్టీల వాళ్ళు, ఇండిపెండెంట్లు, పోటీ నుంచి తప్పుకున్నారు. బి.జె.పి. అభ్యర్థి ముఖేష్ దలాల్ ఏకగ్రీవంగా గెలిచినట్టు ప్రకటించారు.

నేను రిటైరై ఖటోదరాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నా ఓటు ఇంకా సికింద్రాబాద్‌లోనే ఉంది. కానీ కతార్‌గాంలో ఉండే తెలుగు మిత్రుడొకరు, వరంగల్ వైపు నుంచి వచ్చి మరమగ్గాల మీద జీవితమంతా పనిచేసిన మనిషి, ఈసారి ఓటు వేయలేకపోయాడు. నేను దాని గురించి వాపోతుంటే ఆయనే నన్ను ఓదార్చాడు. "ఆ ఎనిమిది మంది నిలవడ్డా గెలిచేటోళ్లా అన్నా? డిపాజిట్లు పోయేటియి. ఇంతదానికి ఎందుకు పరేషాన్?" అన్నాడు.

గెలవని అభ్యర్థి వల్ల ఉపయోగం ఏమిటి అన్న ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దాంతో స్వతంత్ర పార్టీ చరిత్ర మళ్ళీ చదవటం మొదలుపెట్టాను. వ్యక్తి స్వేచ్ఛే మొదటి మాటగా మన దేశంలో ఎన్నికలకు వెళ్ళిన ముఖ్యమైన పార్టీ అది. నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఉద్యోగం చేసినవాణ్ణి. బిల్లు వస్తే వోచరు అడగటం ఒక్కటే నాకు తెలిసిన విద్య. స్వేచ్ఛ గురించి నాయకులు చెప్పిన మాటలు బిల్లులయితే, అధికారంలో ఉన్నప్పుడు, కష్టం వచ్చినప్పుడు వాళ్ళు చేసిన పనులు వోచర్లు. ఈ వ్యాసం ఆ లెక్క.

మా ఊరు నిడుబ్రోలుకు దగ్గర. 1967 ఎన్నికలప్పుడు నేను పలక పట్టే వయసులో ఉన్నాను. గోడల మీద సున్నంతో గీసిన నక్షత్రం గుర్తు నాకు లీలగా జ్ఞాపకం. అది స్వతంత్ర పార్టీ గుర్తు. నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా గారి ఊరు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేస్తే, రైతు చేతిలో భూమి పోతుందని రంగా గారు ఎదురు తిరిగి బయటికి వచ్చారు. అదే ఏడాది జూన్ 4న మద్రాసులో పార్టీ ప్రకటన జరిగింది. రాజాజీ పెద్దదిక్కు, రంగా గారు అధ్యక్షులు, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19, తరువాత 29. నేనిప్పుడు ఉంటున్న గుజరాత్‌లో అయితే 1967లో 168కి 66 వచ్చాయి. 1971లో లోక్‌సభలో 8కి పడిపోయారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. మొత్తం పదిహేనేళ్ళ ఆయుష్షు.

జమీందార్లు, రాజులు, మిల్లు యజమానులు పోగైన పార్టీ అని కమ్యూనిస్టులు అనేవారు. అందులో నిజం లేకపోలేదు. జైపూర్ మహారాణి గాయత్రీదేవి ఆ పార్టీ ఎం.పి. రైతు కూలీల స్వేచ్ఛ గురించి వాళ్ళు మాట్లాడినది తక్కువ. అది ఒప్పుకునే ముందుకు వెళ్తాను.

వాళ్ళు రాసుకున్న మూల సూత్రాలు 21. చివరిది నాకు బాగా నచ్చింది. ఈ సూత్రాల పరిధిలోకి రాని ఏ విషయం మీదైనా పార్టీ సభ్యుడు తనకు తోచినట్టు మాట్లాడవచ్చు, పార్టీని విమర్శించవచ్చు అని దాని సారాంశం. ఇప్పటి పార్టీలతో పోల్చి చూడండి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చాక, విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. ఫిరాయింపులు ఆగాయో లేదో మనందరికీ తెలుసు. సొంత పార్టీలో నోరు విప్పటం మాత్రం బాగా తగ్గింది.

పత్రికల విషయంలో ఆ పార్టీ వాదం ఆర్థికం నుంచి మొదలవుతుంది. లైసెన్స్ పర్మిట్ రాజ్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది రాజాజీయే. కాగితం పర్మిట్ మీద వచ్చే దేశంలో అభిప్రాయం కూడా పర్మిట్ మీదే వస్తుంది. ఇది ఊహ కాదు. 1972-73 న్యూస్‌ప్రింట్ విధానంలో దినపత్రికకు పది పేజీలు మించరాదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. బెన్నెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పత్రిక తరఫున వాదించింది నానీ పాల్కీవాలా. ధర్మాసనంలో జస్టిస్ మాథ్యూ మాత్రం ఒప్పుకోలేదు. కోటా రిజిస్టర్లతో జీవితం గడిపిన నాకు తెలుసు, కోటా రాసేవాడు అడ్డం చెప్పనక్కర్లేదు, ఫైలు బల్ల మీద నాలుగు వారాలు ఉంచితే చాలు.

ఇక వోచర్లు చూద్దాం. ముందు రాజాజీవి. ఇవి బాగాలేవు.

1937లో ఆయన మద్రాసు ప్రధానమంత్రి (అప్పట్లో అలాగే అనేవారు). ఆ ఏడాదే సోషలిస్టు నాయకుడు బాట్లీవాలాను ఉపన్యాసం ఇచ్చినందుకు రాజద్రోహం కింద అరెస్టు చేయించారు. హిందీ వ్యతిరేక ఉద్యమం వచ్చినప్పుడు, బ్రిటిష్‌వాళ్ళు కాంగ్రెస్ పికెటింగుల మీద వాడిన క్రిమినల్ లా సవరణ చట్టాన్నే తీసి ఉద్యమకారుల మీద ప్రయోగించారు. జైలుకు వెళ్ళినవాళ్ళలో పెరియార్ రామస్వామి ఒకరు. మన హేతువాదులకు ఈ సంగతి గుర్తుండాలి. 1951లో కేంద్ర హోం మంత్రిగా ఉండగా ప్రెస్ (అభ్యంతరకర విషయాల) చట్టం బిల్లును పార్లమెంటులో నడిపించిందీ ఆయనే. వాక్ స్వేచ్ఛకు కత్తెర వేసిన మొదటి రాజ్యాంగ సవరణ కూడా ఆ ఏడాదే వచ్చింది, ఆయన ఆ మంత్రివర్గంలోనే ఉన్నారు. ఎనిమిదేళ్ళ తరువాత అదే మనిషి స్వేచ్ఛ పేరుతో పార్టీ పెట్టారు. కుర్చీ దిగాక బుద్ధి వచ్చిందని కొందరంటారు, కుర్చీ లేదు కనుక మాట మార్చారని కొందరు. ఆయన మనసులో ఏముందో కాగితాల మీద తేలదు. ఖాతాలో డెబిట్ మాత్రం ఉంది.

రంగా గారిది మరో రకం. 1970ల మొదట్లోనే ఆయన కాంగ్రెస్‌కు తిరిగి వెళ్ళిపోయారు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటించి, ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేసినప్పుడు, స్వతంత్ర పార్టీ తొలి అధ్యక్షుడు ఆ పని చేసిన పార్టీలో ఉన్నారు. మా ప్రాంతపు పెద్దమనిషి, రైతుల కోసం జీవితం ఇచ్చిన మనిషి. రాయటానికి చెయ్యి రావటం లేదు, అయినా రాయాలి.

మూడో వోచరు మసానీది. బొంబాయి పార్సీ. 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకరు, తరువాత సోషలిజాన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1963లోను, 1967లోను రాజ్‌కోట్ నుంచి గెలిచి, 1971లో ఓడిపోయారు. ఎమర్జెన్సీ వచ్చేసరికి ఆయన చేతిలో పార్టీ లేదు, పదవి లేదు. ఫ్రీడమ్ ఫస్ట్ అనే చిన్న ఇంగ్లీషు మాసపత్రిక ఉంది. సెన్సారు అధికారి బినోద్ రావు అందులో పదకొండు అంశాలు వేయకూడదన్నారు. మసానీ బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. సోలీ సొరాబ్జీ వాదించారు. జస్టిస్ ఆర్.పి. భట్ సెన్సారు ఉత్తర్వు చెల్లదన్నారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్తే, 1976 ఫిబ్రవరి 10న జస్టిస్ మాడన్, జస్టిస్ కానియా కూడా మసానీ పక్షానే తీర్పిచ్చారు.

ఈ తీర్పులో లెక్కల మనిషికి నచ్చే సంగతి ఒకటుంది. ఎమర్జెన్సీలో 19వ అధికరణం పక్కకు పోయింది, కనుక వాక్ స్వేచ్ఛ నా హక్కు అని కోర్టులో నిలబడటం కుదరదు. సెన్సారు ఉత్తర్వునే కొట్టేయటమూ జరగలేదు. కోర్టు చూసింది వేరే విషయం: ఆ ఉత్తర్వు సెన్సారుకు ఎంత అధికారం ఇచ్చింది, ఆయన ఎంత వాడుకున్నాడు? మా శాఖలో దీన్ని శాంక్షన్ మించిన ఖర్చు అంటాం. మంజూరైన పద్దుకే ఖర్చు పెట్టాలి, పద్దు దాటితే బిల్లు వెనక్కి. పత్రికలన్నీ ఒకే గొంతుతో పలికేలా చెయ్యటం, ప్రభుత్వాన్ని విమర్శించకుండా ఆపటం ఆ పద్దులో లేదని న్యాయమూర్తులు తేల్చారు.

గుజరాత్‌లోనూ ఇలాంటి కేసే జరిగింది. 1975 అక్టోబరులో అహ్మదాబాద్‌లో పౌరహక్కుల సదస్సు జరిగింది. దాని వెనుక ఉన్నది వి.ఎం. తార్కుండే, ఎం.ఎన్. రాయ్ అనుచరుడు, మన హేతువాద పాఠకులకు పరిచయం అక్కర్లేని పేరు. ఆ సదస్సు ఉపన్యాసాలు వేసినందుకు భూమిపుత్ర అనే సర్వోదయ పత్రిక మీద పడ్డారు. సంపాదకుడు చునీభాయ్ వైద్య గుజరాత్ హైకోర్టుకు వెళ్ళి గెలిచారు. అప్పుడు ఆ తీర్పు వార్తనే ప్రచురించకూడదన్నారు! ఒక గాంధేయవాది, ఒక రాడికల్ హ్యూమనిస్టు, ఒక స్వేచ్ఛా మార్కెట్ మనిషి. దేవుడి విషయంలో గాని, ఆస్తి విషయంలో గాని ఒకరితో ఒకరికి పడదు. పత్రిక విషయంలో ముగ్గురూ ఒకే పని చేశారు. గెలిచే అవకాశం తక్కువని తెలిసీ చేశారు. ఆ ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో, నిర్బంధంలో ఉన్నవాడికి కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదన్నదని మరచిపోకూడదు.

పార్టీ పోయినా కథ ఆగలేదు. ఎమర్జెన్సీ ఉండగానే, 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో సోషలిస్టు, సెక్యులర్ అన్న మాటలు చేరాయి. తరువాత ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ సెక్షన్ వచ్చింది, 1989 జూన్ నుంచి అమలు. దాని ప్రకారం ఎన్నికల సంఘంలో నమోదు కావాలంటే ప్రతి పార్టీ తన నియమావళిలో సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం సూత్రాలకు విధేయంగా ఉంటామని రాయాలి. బి.జె.పి. అయినా, లోక్‌సత్తా అయినా అంతే. అంటే స్వతంత్ర పార్టీని ఇవాళ మళ్ళీ పెట్టాలంటే, ఏ సిద్ధాంతాన్ని ఎదిరించటానికి పుట్టిందో దానికే విధేయత రాసివ్వాలి. పాత స్వతంత్ర పార్టీ మహారాష్ట్ర వాళ్ళు 1996లో దీని మీద బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. స్వతంత్ర భారత్ పక్ష నాయకుడు, రైతు నాయకుడు శరద్ జోషీ రాజ్యసభలో ఉండగా ఆ మాట తీసేయాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. ఏదీ ఫలించలేదు. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు పీఠికలోని ఆ రెండు మాటలూ ఉంటాయని తేల్చింది, సోషలిజం అంటే సంక్షేమ రాజ్యం అనే అర్థం, ప్రైవేటు వ్యాపారానికి అడ్డు కాదు అంది. అడ్డు కానప్పుడు విధేయత రాయించుకోవటం ఎందుకో నాకు బోధపడలేదు.

ఇక్కడ మనం ఆలోచించాల్సిన సంగతి ఉంది. రాజ్యాంగం మూడో షెడ్యూల్ ప్రకారం అభ్యర్థి గాని, ఎం.పి. గాని దేవుడి పేర ప్రమాణం చేయవచ్చు, అక్కర్లేదనుకుంటే ఆత్మసాక్షిగా చెప్పవచ్చు. ఆ రెండో దారి ఉండబట్టే నాస్తికుడు అబద్ధం ఆడకుండా సభలో కూర్చోగలుగుతున్నాడు. దేవుణ్ణి నమ్మనివాడికి ఇచ్చిన ఆ దారి సోషలిజాన్ని నమ్మని పార్టీకి లేదు. నేను సోషలిజానికి శత్రువును కాను, ప్రభుత్వ జీతం, ప్రభుత్వ పింఛను తిన్నవాణ్ణి. అయినా ఈ అన్యాయం కనబడుతూనే ఉంది.

ఇంతవరకు చాలామంది పాఠకులు తల ఊపుతారు. చిక్కు తరువాతి మాట దగ్గర వస్తుంది. అదే వాక్యంలో సెక్యులరిజం కూడా ఉంది. నమ్మనివాడి చేత సోషలిజం రాయించటం తప్పయితే, మతరాజ్యం కావాలనే పార్టీ చేత సెక్యులరిజం రాయించటం ఒప్పెలా అవుతుంది? ప్రభుత్వం సెక్యులర్‌గా ఉండాలి, అది చట్టం చూసుకోవాలి, పార్టీ ఏమి నమ్మాలో చట్టం చెప్పకూడదు అని ఒక సమాధానం. ఆ మాట తీసేస్తే తలుపులు బార్లా తెరిచినట్టే అని మరో సమాధానం. మొన్నటిదాకా నేను రెండో పక్షం. కానీ 1989 నుంచి ఆ వాక్యం రాసిచ్చిన పార్టీల ప్రవర్తన చూస్తే, ఆ సంతకం ఏ తలుపు మూసిందో చూపించలేకపోతున్నాను.

ఇదంతా మొన్న ఆదివారం కతార్‌గాం మిత్రుడికి చెప్పాను. టీ తాగుతూ ఓపికగా విన్నాడు. "మంచిగుందన్నా. రేపు మనోళ్లే ఓ పార్టీ వెడితే, నువ్వు లెక్కలు జూస్తవు గద, ఆ కాయితం మీద సంతకం వెడ్తవా మరి?" అని అడిగాడు.

ఇంకా జవాబు చెప్పలేదు.