వీడి వెళ్లినవాడికి స్వాగతమా? – లెబ్రాన్ జేమ్స్ పునరాగమనం, క్లీవ్‌లాండ్ అభిమానుల వాదోపవాదాలు (2010–2018)

వ్యాససంగ్రహం:

2010లో క్లీవ్‌లాండ్ కావలియర్స్ బాస్కెట్‌బాల్ జట్టును వీడి మియామీ హీట్‌లో చేరిన లెబ్రాన్ జేమ్స్‌ను తిరిగి ఆహ్వానించాలా, వద్దా అన్న విషయమై ఆ నగర అభిమానుల మధ్య నాలుగేళ్లపాటు వాదోపవాదాలు సాగాయి. వాటిని చారిత్రక నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వివాదం పైకి క్షమకు సంబంధించినదిగా కనిపించినా, దాని మూలం ఆటగాడు ఎవరి సొత్తు అన్న ప్రశ్నలో ఉంది. 2018లో అదే ఆటగాడి రెండో నిష్క్రమణను అదే నగరం స్వీకరించిన తీరు ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

కీలకపదాలు: క్రీడాచరిత్ర, అభిమానం, వలస, ఆటగాడి స్వేచ్ఛ, క్లీవ్‌లాండ్, లెబ్రాన్ జేమ్స్.

1. ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర రచన చాలాకాలం గెలుపోటముల పట్టికగానే సాగింది. ప్రేక్షకుడు ఆ పట్టికలో ఒక సంఖ్యగా మాత్రమే మిగిలాడు. అయితే ఆటగాడు ఒక జట్టును వదిలి వెళ్లినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు ప్రేక్షకుడికి కూడా నోరు వస్తుంది. జట్టుకు యజమాని వేరొకరు, ఒప్పందంపై సంతకం చేసేది మరొకరు. అయినా ‘మనవాడు’, ‘ద్రోహి’ అనే మాటలను నిర్ణయించేది అభిమానులే. ఆ మాటలు ఎలా పుడతాయో, ఎలా మారతాయో తెలుసుకోవడానికి క్లీవ్‌లాండ్ ఉదంతం అనువైనది. ఒకే నగరం ఒకే ఆటగాడిని ఎనిమిదేళ్లలో రెండుసార్లు సాగనంపింది, ఒకసారి తిరిగి స్వీకరించింది.

2. నష్టాలను లెక్కపెట్టుకున్న నగరం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు తీరాన ఉన్న క్లీవ్‌లాండ్ ఉక్కు పరిశ్రమతో ఎదిగింది. 1950 జనగణనలో 9,14,808గా ఉన్న నగర జనాభా 2010 నాటికి 3,96,815కు పడిపోయింది. 1969లో కయహోగా నదిపై తేలే చమురు వ్యర్థాలు అంటుకోవడం, 1978లో నగరపాలక సంస్థ అప్పులు చెల్లించలేక చేతులెత్తేయడం ఆ క్షీణతకు గుర్తులుగా మిగిలాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, యువత పనికోసం ఇతర నగరాలకు తరలింది. ‘వెళ్లిపోవడం’ అన్న మాటకు అక్కడ ఆటకు ముందే ఒక బరువు ఏర్పడింది.

క్రీడల్లోనూ అదే జరిగింది. 1964లో బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టు సాధించిన విజేత స్థానం తర్వాత నగరంలోని ప్రధాన జట్లేవీ 2016 దాకా తమ లీగ్‌లో అగ్రస్థానానికి చేరలేదు. 1995 నవంబరులో బ్రౌన్స్ యజమాని ఆర్ట్ మోడెల్ ఏకంగా జట్టునే బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించాడు. న్యాయపోరాటం వల్ల జట్టు పేరు, రంగులు నగరానికి దక్కాయి. 1999లో కొత్త ఆటగాళ్లతో బ్రౌన్స్ మళ్లీ బరిలోకి దిగింది. ప్రజల అభిమానం ప్రజలదే అయినా, జట్టు మాత్రం యజమానిదే అన్న పాఠాన్ని క్లీవ్‌లాండ్ అప్పుడే నేర్చుకుంది.

ఈ నేపథ్యంలో 2003లో కావలియర్స్‌కు తొలి ఎంపిక అవకాశం లాటరీలో దక్కింది. క్లీవ్‌లాండ్‌కు దక్షిణాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని ఆక్రన్‌లో 1984లో పుట్టి, అక్కడే ఉన్నత పాఠశాల ముగించిన జేమ్స్‌ను ఆ జట్టు ఎంచుకుంది. 2007లో అతడు జట్టును తొలిసారి తుదిపోరుకు చేర్చాడు. నగరం నడిబొడ్డున పది అంతస్తుల ఎత్తున అతని చిత్రం వెలసింది. పొరుగూరి పిల్లవాడు ఊరి భవిష్యత్తుకు పూచీదారు అయ్యాడు. ఆ పూచీ ఏ ఒప్పంద పత్రంలోనూ లేదు.

3. ఆటగాడి స్వేచ్ఛ: చట్టం నడిచిన దారి

ఒప్పందం ముగిసిన ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లవచ్చునన్న నియమం అమెరికా క్రీడల్లో సులువుగా రాలేదు. 1969లో సెయింట్ లూయిస్ బేస్‌బాల్ జట్టు తనను ఫిలడెల్ఫియాకు మార్పిడి చేయగా కర్ట్ ఫ్లడ్ తిరస్కరించాడు. తాను కొనడానికి, అమ్మడానికి వీలైన వస్తువును కానన్నది అతని వాదన సారాంశం. 1972లో సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. బాస్కెట్‌బాల్‌లో ఆస్కార్ రాబర్ట్‌సన్ 1970లో వేసిన దావా 1976లో రాజీతో ముగిసి, ఆటగాళ్ల కదలికకు కొంత వెసులుబాటు కల్పించింది. 1988 ఒప్పందంతో పూర్తి స్వేచ్ఛకు దారి ఏర్పడింది.

ఫ్లడ్, రాబర్ట్‌సన్ ఇద్దరూ నల్లజాతి క్రీడాకారులే. 2010లో జేమ్స్ వాడుకున్నది వారు పోరాడిన హక్కునే. అందువల్ల క్లీవ్‌లాండ్ వివాదాన్ని కేవలం అభిమానుల ఉద్వేగంగా చూడటం చరిత్రను సగమే చదవడం అవుతుంది.

4. 2010: నిష్క్రమణ, ఆగ్రహం

2009–10లో కావలియర్స్ 61 ఆటలు గెలిచి లీగ్‌లో ముందు నిలిచినా, రెండో అంచెలో బోస్టన్ చేతిలో ఓడింది. 2010 జులై 8న ‘ది డెసిషన్’ అనే ప్రత్యేక టీవీ కార్యక్రమంలో జేమ్స్ తాను మియామీకి వెళుతున్నట్టు ప్రకటించాడు. ప్రకటనల ఆదాయం పిల్లల సంక్షేమ సంస్థకు చేరింది. అయినా ఆ కార్యక్రమాన్ని క్లీవ్‌లాండ్ ఒక బహిరంగ అవమానంగానే చూసింది. అదే రాత్రి వీధుల్లో అతని జెర్సీలు తగలబడ్డాయి. కొద్ది రోజుల్లోనే నడిబొడ్డున ఉన్న చిత్రాన్ని దించేశారు.

జట్టు యజమాని డాన్ గిల్బర్ట్ అభిమానులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆటగాడి నిర్ణయాన్ని పిరికితనంతో కూడిన ద్రోహంగా అందులో వర్ణించాడు. జేమ్స్ కంటే ముందే తమ జట్టు విజేత అవుతుందని హామీ ఇచ్చాడు. పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ స్పందిస్తూ, ఆ యజమాని జేమ్స్‌ను పారిపోయిన బానిసగా చూస్తున్నాడని విమర్శించాడు. లీగ్ గిల్బర్ట్‌కు లక్ష డాలర్ల జరిమానా విధించింది. ఈ ఘట్టంలో గమనించవలసింది, యజమాని కోపమూ అభిమాని దుఃఖమూ ఒకే భాషలో కలిసిపోవడం. ఆస్తి పోయిందని ఒకరు, ఆత్మీయుడు పోయాడని మరొకరు బాధపడ్డారు. ఇద్దరూ వాడిన మాట మాత్రం ‘ద్రోహం’ ఒక్కటే.

డిసెంబరు 2న జేమ్స్ మియామీ ఆటగాడిగా క్లీవ్‌లాండ్‌లో ఆడాడు. ప్రేక్షకుల గేలి మధ్యనే 38 పాయింట్లు సాధించాడు; మియామీ 118–90తో గెలిచింది. ఆ ఏడాది కావలియర్స్ వరుసగా 26 ఆటలు ఓడి, మొత్తం 82లో 19 మాత్రమే గెలిచింది.

5. వాదోపవాదాలు

తర్వాతి ఏళ్లలో జరిగిన చర్చలోని వాదనలను స్థూలంగా మూడు ప్రశ్నల కింద విభజించవచ్చు.

మొదటిది, వెళ్లే హక్కు. ఏడేళ్లు ఆడి, ఒప్పందం ముగిశాక వెళ్లినవాడు ఎవరికీ బాకీ లేడన్నది స్వాగతవాదుల మాట. విజేత స్థానం దక్కకుండానే వెళ్లాడు కనుక బాకీ మిగిలే ఉందన్నది ప్రతివాదుల మాట. మొదటివారు ఒప్పందాన్ని చూశారు, రెండోవారు ఆశను చూశారు.

రెండోది, వెళ్లిన తీరు. హక్కును ఒప్పుకున్నవారిలో కూడా చాలామంది తీరును ఒప్పుకోలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పవలసిన మాటను లోకానికి చాటడం వారిని ఎక్కువగా బాధించింది. ఇది చట్టానికి అందని మర్యాద ప్రశ్న.

మూడోది, తిరిగి పిలవడంలోని ఆత్మగౌరవం. అవమానించి వెళ్లినవాడిని పిలవడం తమ అసహాయతను ఒప్పుకోవడమేనని కొందరు భావించారు. ఒకసారి వెళ్లినవాడు మళ్లీ వెళ్లడన్న హామీ ఏదని ప్రశ్నించారు. జెర్సీలు కాల్చిన తామే అందుకు సిగ్గుపడాలని మరికొందరు సమాధానమిచ్చారు.

ఈ చర్చలో కాలం కూడా ఒక పక్షం వహించింది. 2012 ఫిబ్రవరిలో క్లీవ్‌లాండ్ వచ్చినప్పుడు, ఏనాటికైనా అక్కడ మళ్లీ ఆడే అవకాశాన్ని జేమ్స్ కొట్టిపారేయలేదు. 2013 మార్చి 20న ఒక యువ అభిమాని, 2014లో తిరిగి రమ్మని కోరే మాటలున్న చొక్కాతో ఆట మధ్యలో మైదానంలోకి పరుగెత్తాడు. జేమ్స్ అతని తలను నిమిరాడు. రెండేళ్ల కిందట గేలి చేసిన అదే మైదానంలో ఈ దృశ్యం సాధ్యమైంది. ఈలోగా జేమ్స్ మియామీతో 2012లో విజేతగా నిలిచాడు. 2013 జూన్‌లో మరోసారి నిలిచాడు. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న తెలుగు సామెతను అతడు తిరగేశాడు. రచ్చ గెలిచాడు, ఇంట గెలవడమే మిగిలింది. ప్రతివాదులు బాకీగా చూపిన అదే విజయం అతనికి తిరిగి రావడానికి కారణంగా మారింది.

6. 2014: పునరాగమనం

గిల్బర్ట్ లేఖ నాలుగేళ్లపాటు జట్టు వెబ్‌సైటులో అలాగే ఉండి, 2014 జులైలో తొలగిపోయింది. ఆ నెల 11న జేమ్స్ తన నిర్ణయాన్ని ఈసారి టీవీలో కాక ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రికలో వ్యాసరూపంలో వెల్లడించాడు. అందులో విజేత స్థానాన్ని హామీ ఇవ్వలేదు. ఈశాన్య ఒహాయోతో తన బంధం ఆటకంటే పెద్దదన్నాడు. తప్పులు ఇరువైపులా జరిగాయని అంగీకరించాడు. 2010లో తీరును ఆక్షేపించినవారికి తీరుతోనే జవాబు దొరికింది.

అతడు తిరిగి వచ్చింది జట్టుకా, ఊరికా అన్నది ఇక్కడ కీలకం. వ్యాసం ఊరి గురించి మాట్లాడింది; ఒప్పందం మాత్రం రెండేళ్లదే, రెండో ఏడు వైదొలగే హక్కు ఆటగాడిదే. ఊరిపట్ల నిబద్ధత, యజమానిపట్ల జాగ్రత్త ఒకేసారి సాగాయి. ఆ శరదృతువులో నగరంలో వెలసిన కొత్త చిత్రంలో జెర్సీ వెనుక అతని పేరుకు బదులు ‘క్లీవ్‌లాండ్’ అని ఉండటం ఈ మార్పుకు అద్దం పట్టింది.

స్వాగతానికి మూల్యం కూడా ఉంది. ఆ జూన్‌లోనే తొలి ఎంపికగా వచ్చిన యువ ఆటగాడు ఆండ్రూ విగిన్స్‌ను ఆగస్టులో కెవిన్ లవ్ కోసం మిన్నెసోటాకు మార్పిడి చేశారు. వెళ్లిపోయినవాడి ద్రోహంపై నాలుగేళ్లు చర్చించిన నగరంలో, పంపివేయబడ్డవాడి గురించి అలాంటి చర్చ జరగలేదు. ఆటగాడు జట్టును వీడితే నీతి ప్రశ్న పుడుతుంది. జట్టు ఆటగాడిని వదిలించుకుంటే అది వ్యాపారమవుతుంది. ఈ అసమానతను అభిమాన చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు.

2016 జూన్ 19న, 3–1తో వెనుకబడిన స్థితి నుంచి పుంజుకున్న కావలియర్స్ ఏడో ఆటలో గోల్డెన్ స్టేట్‌ను 93–89తో ఓడించింది. తుదిపోరులో అలాంటి పునరుత్థానం అదే మొదటిది. 52 ఏళ్ల నిరీక్షణ ముగిసింది.

7. భారతీయ సందర్భం: రెండు పోలికలు

భారత క్రికెట్‌లోనూ ఇటువంటి ఉదంతాలున్నాయి. 2007లో మొదలైన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరిన ఆటగాళ్లను క్రికెట్ బోర్డు బహిష్కరించింది. హైదరాబాద్ బ్యాటర్ అంబటి రాయుడు వారిలో ఒకడు. 2009లో ఆ లీగ్‌తో తెగతెంపులు చేసుకున్నవారికి బోర్డు క్షమాభిక్ష ప్రకటించింది. రాయుడు 2013లో భారత జట్టు తరఫున ఆడాడు. ఇక్కడ ద్రోహాన్ని నిర్వచించింది, క్షమించింది సంస్థే. ప్రేక్షకుడి అభిప్రాయానికి చోటు లేదు.

2023 నవంబరులో గుజరాత్ నుంచి ముంబై ఇండియన్స్‌కు తిరిగి వచ్చిన హార్దిక్ పాండ్య ఉదంతం దీనికి భిన్నం. ఐదు ట్రోఫీలు అందించిన రోహిత్ శర్మ స్థానంలో అతనికి కెప్టెన్సీ ఇవ్వడంతో సొంత వాంఖడే మైదానంలోనే ప్రేక్షకులు గేలి చేశారు. జట్టు అట్టడుగున నిలిచింది. 2024 జూన్ 29న ప్రపంచకప్ తుదిపోరులో చివరి ఓవర్ వేసి భారత్‌ను గెలిపించాక, జులై 4న అదే వాంఖడే అతని పేరు జపించింది. జేమ్స్ తిరిగి వచ్చింది ఖాళీగా ఉన్న పీటకు; పాండ్య వచ్చింది మరొకరు కూర్చున్న పీటకు. పునరాగమనానికి దక్కే ఆదరణ వచ్చినవాడి గుణదోషాలపైనే కాక, అతని రాకతో పక్కకు తప్పుకొన్నది ఎవరన్న దానిపై కూడా ఆధారపడుతుందని ఈ పోలిక తెలుపుతుంది.

8. ముగింపు

2018 జులైలో జేమ్స్ మళ్లీ క్లీవ్‌లాండ్‌ను వీడి లాస్ ఏంజెలెస్ లేకర్స్‌లో చేరాడు. 2010నాటి ఆగ్రహజ్వాలలు ఈసారి లేవు. గిల్బర్ట్ కృతజ్ఞతలు ప్రకటించాడు. అదే నెలలో ఆక్రన్‌లో జేమ్స్ ఫౌండేషన్ సహకారంతో ‘ఐ ప్రామిస్’ పాఠశాల ప్రారంభమైంది. నవంబరు 21న లేకర్స్ ఆటగాడిగా అతడు వచ్చినప్పుడు క్లీవ్‌లాండ్ ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

చేసిన పని రెండుసార్లూ ఒకటే: ఒప్పందం పరిధిలో జట్టును వీడటం. ఫలితాలు మాత్రం పరస్పర విరుద్ధం. కనుక 2010నాటి కోపం నిష్క్రమణపై కాదు. ఆశ తీరకపోవడంపై, చెప్పిన తీరుపై అని తేలుతుంది. ఇందులో ఊరటతోపాటు ఒక హెచ్చరిక కూడా ఉంది. బాకీ తీర్చాకే అభిమానులు అతని స్వేచ్ఛను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ట్రోఫీ తేలేక వెళ్లిపోయే వందలాది ఆటగాళ్లకు ఆ ఒప్పుకోలు దక్కదు. ఫ్లడ్ కోరిన హక్కు మాత్రం విజయంపై ఆధారపడినది కాదు. స్వాగతం పలకాలా, వద్దా అన్నది అభిమానుల ఇష్టం. వెళ్లే హక్కు వారి మన్ననతో దక్కేది కాదన్న ఎరుక ఉన్నప్పుడే ఆ స్వాగతానికి విలువ ఉంటుంది.