టెన్త్ లేని బీఏ

పోయిన నెల మా సంఘం సమావేశం అయ్యాక టీ తాగుతుంటే ఒక కుర్ర మిత్రుడు అన్నాడు: "పదో తరగతి కూడా లేనివాళ్ళని యూనివర్సిటీలో చేర్చుకోవడం ఏమిటండీ? ఇక డిగ్రీకి విలువేముంది?" చుట్టూ ఉన్నవాళ్ళు చాలామంది తలూపారు. అందరూ హేతువాదులే. ఒకప్పుడు నేనూ అలాగే తలూపినవాణ్ణి. తలూపి ఊరుకోలేదు, ఫైలు మీద సంతకం కూడా పెట్టాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు కొంచెం చరిత్ర చూద్దాం.

మన తాతల కాలంలో "మెట్రిక్ పాస్" అంటే ఊళ్ళో గొప్ప. కానీ ఈ మెట్రిక్యులేషన్ మొదట్లో బడి పరీక్ష కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మూడు విశ్వవిద్యాలయాలు పెట్టారు. వాటికి నమూనా లండన్ విశ్వవిద్యాలయం. అవి పాఠాలు చెప్పేవి కావు. పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చేవి. పాఠాలు కాలేజీల పని. లోపలికి రావాలనుకునే కుర్రాడికి విశ్వవిద్యాలయమే ఒక ప్రవేశ పరీక్ష పెట్టేది. మెట్రిక్యులేషన్ అంటే అదే. "నువ్వు మా చదువు చదవగలవా?" అన్నది ఆ పరీక్ష అడిగే ప్రశ్న.

తర్వాత మద్రాసు రాష్ట్రంలో 1910 ప్రాంతంలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. అది బడి చదువు పూర్తయిందని చెప్పే పత్రం. క్రమంగా ప్రశ్నే మారిపోయింది. "చదవగలవా?" అన్నది పోయి, "బడి పూర్తిచేసిన కాగితం ఉందా?" అన్నది మిగిలింది. ఈ రెండూ ఒకటే ప్రశ్న అని మనం అనుకుంటున్నాం. కాదు. పదో ఏట పశువుల వెంట పోయిన పిల్లాడికి, పన్నెండో ఏట పెళ్ళయిపోయిన ఆడపిల్లకి కాగితం ఉండదు. వాళ్ళకి బుర్ర లేదని దాని అర్థమా?

రామానుజన్ కథ మనవాళ్ళు తరచు చెబుతుంటారు. ఆయన 1903లో మెట్రిక్ పాసయ్యాడు గాని ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. డిగ్రీ లేదు. అయినా 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకి నెలకి 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. సంతోషమే. కానీ కేంబ్రిడ్జిలో హార్డీ అంతటివాడు మెచ్చుకున్నాక గాని అది జరగలేదు. మహా మేధావికి రూలు సడలించడం గొప్పేమీ కాదు. మామూలు తెలివి ఉన్న మామూలు మనిషి కోసం ఉత్తరం రాసే హార్డీ ఎక్కడ దొరుకుతాడు? అలాంటివాడికి కావలసింది దయ కాదు, రూలు.

ఆ రూలు మొదట పెద్ద ఎత్తున వచ్చింది ఇంగ్లండులో. 1963లో హెరాల్డ్ విల్సన్ రేడియో, టీవీల ద్వారా నడిచే విశ్వవిద్యాలయం గురించి మాట్లాడాడు. మంత్రిగా దాన్ని పట్టుబట్టి సాధించింది జెన్నీ లీ, స్కాట్లండు బొగ్గు గని కార్మికుడి కూతురు. 1969లో ఓపెన్ యూనివర్సిటీకి చార్టర్ వచ్చింది. 1971 జనవరిలో 20,000 మందికి పైగా విద్యార్థులతో చదువు మొదలైంది. చేరడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. కానీ పరీక్షల్లో ఎవరికీ మినహాయింపు లేదు.

మన దేశంలో ఇలాంటి మొదటి విశ్వవిద్యాలయం పుట్టింది మన దగ్గరే. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారు. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. బడి కాగితం లేని పెద్దవాళ్ళకి అది ఒక అర్హత పరీక్ష పెట్టింది. పాసైతే డిగ్రీలో చేరే వీలుండేది. అంటే 1857 నాటి ప్రశ్ననే మళ్ళీ అడిగింది: "నువ్వు చదవగలవా?"

ఇక నా సంగతి. నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయ్యాను. మేం చూసే ఒక యూనిట్లో ఒక మజ్దూర్ ఉండేవాడు. అయిదో తరగతితో చదువు ఆగిపోయి, హోటల్లో కప్పులు కడిగి, చివరికి ఈ ఉద్యోగంలోకి వచ్చినవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అర్హత పరీక్ష రాసి, ఆదివారాలు స్టడీ సెంటర్‌కి వెళ్ళి, బీఏ పూర్తిచేశాడు. 1994లో క్లర్కు ప్రమోషన్‌కి అర్జీ పెట్టుకున్నాడు. రూల్లో "మెట్రిక్యులేషన్ లేదా తత్సమానం" అని ఉంది. నేను ఫైలు మీద రాశాను: "పదో తరగతి సర్టిఫికెట్ జతచేయలేదు. వాపసు." రెండే లైన్లు. ఆ సాయంత్రం ఆయన వచ్చి, "సార్, బీఏ టెన్త్ కంటే తక్కువా?" అని అడిగాడు. "రూలు రూలేనండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు గర్వపడ్డాను కూడా.

1995 మార్చిలో కేంద్ర ప్రభుత్వం, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చే డిగ్రీలు తన ఉద్యోగాలకి చెల్లుతాయని ప్రకటించింది. అయినా మా ఫైళ్ళలో "మెట్రిక్" అన్న మాట మెట్రిక్ గానే ఉండిపోయింది. ఆయన ఇక వాదించలేదు. బీఏ పాసైన మనిషి, నలభై దాటాక, టెన్త్‌కి ప్రైవేటుగా కట్టాడు. ఆ యేడు ఆయన కూతురూ టెన్తే. ఇద్దరూ పాసయ్యారు. స్వీట్లు పట్టుకుని మా సెక్షన్‌కి వచ్చి, "సార్, ఇప్పటికి చదువుకున్నవాణ్ణయ్యాను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ స్వీటు నాకు గొంతు దిగలేదు.

ఆ మధ్య కాలంలో ఆయన తెలివిలో ఏం మారింది? ఏమీ మారలేదు. ఒక కాగితం చేరింది, అంతే. లెక్కల మనిషిని కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. ప్రారంభ నిల్వ సున్నా అయితే ముగింపు నిల్వ కూడా సున్నా అని ఏ ఆడిటరూ రాయడు. మధ్యలో జమలు చూస్తాడు. నేను చూడలేదు.

ఇంకో పక్క చూడండి. 2001లో యు.జి.సి. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులకి తలుపు తీసింది. హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ గారు, మరికొందరు కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు వాళ్ళ అప్పీలు కొట్టేసింది. ఆ కోర్సులో చేరేవాడికి టెన్త్, ఇంటర్ అన్నీ వరసగా ఉంటాయి. కాగితాల్లో లోపం ఉండదు. లోపం ఉన్నదల్లా చదివే విషయంలోనే. దాన్ని అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

మా కుర్ర మిత్రుడి భయంలో న్యాయం లేకపోలేదు. డబ్బు పుచ్చుకుని పట్టాలు అమ్మే దుకాణాలు ఉన్నాయి. డిగ్రీ లేకుండా నేరుగా ఎం.ఏ. ఇచ్చిన సంస్థలూ ఉండేవి. అలాంటి పీజీ పట్టా చెల్లదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో నాకు పేచీ లేదు. కానీ మొదటి డిగ్రీ సంగతి వేరు. వెనకటి చదువు రికార్డు లేనివాళ్ళు ప్రవేశ పరీక్ష పాసైతే చేరవచ్చని 1985 నాటి యు.జి.సి. నిబంధనల్లోనే రాసి ఉండేది.

కాబట్టి మిత్రమా, డిగ్రీని అనుమానించు, తప్పులేదు. అది మన అలవాటే. కానీ సరైన చోట అనుమానించు. ప్రశ్నపత్రం ఎవరు ఇచ్చారు, ఎవరు దిద్దారు, కాపీ జరిగిందా, ఇవి అడుగు. పదిహేనో ఏట ఆ మనిషి ఎక్కడున్నాడు అన్నది సాక్ష్యం కాదు, జాతకం. పుట్టిన నక్షత్రాన్ని బట్టి మనిషిని అంచనా వేయకూడదని మనమే కదా ఊరూరా చెబుతున్నాం?

ఆలోచించండి.