కరాటే దుస్తుల పుట్టుపూర్వోత్తరాలు

కరాటే అనగానే ఎవరి కళ్ళకైనా ముందు కట్టేది తెల్లని అంగీ, తెల్లని లాగు, నడుముకు బిగించిన బెల్టు. ఈ వేషం వెయ్యి సంవత్సరాలనాడు ఏ మఠంలోనో పుట్టి ఉంటుందని చాలామంది అనుకొంటారు. నిజానికి దీని వయస్సు నూరేళ్ళకు అటూ ఇటూ. అంతకన్న వింత ఏమంటే, ఇది మొదట కరాటే కోసం పుట్టిన దుస్తు కాదు. జూడో నుండి అరువు తెచ్చుకొన్నది. ఆ అరువు ఎందుకు అవసరమైనదో తెలుసుకొంటే, ఈనాడు దుకాణంలో ఎటువంటి బట్టను ఎన్నుకోవాలో, దానిని ఎట్లా కాపాడుకోవాలో కూడా చాలావరకు బోధపడుతుంది.

కరాటే పుట్టిల్లు జపాను ప్రధాన భూభాగం కాదు. దానికి నైరృతి దిక్కున ఉన్న ఒకినావా దీవి. ఒకప్పుడు అది ర్యూక్యూ రాజ్యం. 1879లో జపాను ప్రభుత్వం దానిని తనలో కలుపుకొన్నది. అక్కడి గురువులు రాత్రివేళ తమ ఇంటి పెరట్లో ఒకరిద్దరు శిష్యులకు ఈ విద్య నేర్పేవారు. శ్రేణులు లేవు, బెల్టులు లేవు, ప్రత్యేకమైన దుస్తులూ లేవు. చుట్టూ సముద్రం, ఉక్కపోత వాతావరణం. రోజూ కట్టుకొనే బట్టలతోనో, పైబట్ట తీసివేసి లోదుస్తులతోనో అభ్యాసం సాగేది. 1901లో ఇతోసు అంకో అనే పెద్ద గురువు పూనికవల్ల కరాటే అక్కడి బడిలో అడుగు పెట్టింది. అప్పటికీ దానికంటూ ఒక దుస్తు ఏర్పడలేదు.

ఇదే కాలంలో టోక్యోలో మరొక కథ నడుస్తున్నది. 1882లో కానో జిగోరో అనే యువ విద్యావేత్త ఒక బౌద్ధాలయంలో కొద్దిమంది శిష్యులతో కొదోకాన్ అనే జూడో పాఠశాలను స్థాపించాడు. జూడోలో ఎదుటివాని బట్టను పట్టుకొని లాగి పడవేయాలి. కనుక అంగీ చిరగకుండా ఉండాలి. పై భాగానికి వడ్లగింజల వంటి బుడిపెలు తేలే మందపు నేతను వాడటం, మెడపట్టీని అనేక పొరలు వేసి కుట్టడం అందుకే. తొలినాళ్ళలో ఆ అంగీ చేతులు పొట్టిగా, లాగు మోకాళ్ళపైకి ఉండేవి. మోచేతులు, మోకాళ్ళు గీసుకుపోయేవి. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకంలో వాటిని పొడుగు చేశారు. పై శ్రేణివారు నల్లపట్టీ కట్టుకొనే ఆచారాన్ని కూడా 1880ల నడుమ కానోయే ప్రవేశపెట్టాడు.

1922లో జపాను విద్యాశాఖ టోక్యోలో ఒక వ్యాయామ ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఒకినావా నుండి కరాటేను చూపడానికి వెళ్ళినవాడు ఫునకోషి గిచిన్. వృత్తిరీత్యా బడిపంతులు, అప్పటికి యాభై దాటినవాడు. ఆ ప్రదర్శన చూచినమీదట కానో ఆయనను కొదోకాన్‌కు ఆహ్వానించాడు. ఇక్కడే చిక్కు వచ్చింది. చుట్టూ జూడో దుస్తులు ధరించిన పండితులు. వారి నడుమ ఏ బట్టతో నిలబడటం? ప్రదర్శనలో తోడు నిలిచిన గిమా అనే ఒకినావా విద్యార్థి తరువాతి కాలంలో చెప్పిన ప్రకారం, ఫునకోషి తెల్లని బట్ట కొని, జూడో అంగీ నమూనాలో తన చేతులతోనే దుస్తులు కుట్టుకొన్నాడు. కరాటే దుస్తుకు తొలి దర్జీ ఒక బడిపంతులన్నమాట!

ఆయన తిరిగి వెళ్ళలేదు. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో చిన్న గదిలో ఉంటూ, ఆ ఇల్లు ఊడ్చి కావలి కాస్తూ, వచ్చినవారికి కరాటే నేర్పాడు. 1924లో తన శిష్యులలో కొందరికి మొదటిసారిగా జూడో పద్ధతిలో శ్రేణులిచ్చి నల్లబెల్టులు కట్టాడు. 1930లలో జపాను యుద్ధవిద్యల సంఘమైన దై నిప్పోన్ బుటొకుకై కరాటేను తన శాఖలలో చేర్చుకొన్నది. ‘చైనా చేయి’ అని అర్థమిచ్చే పాత అక్షరాలను వదలి, ‘ఒట్టి చేయి’ అని అర్థమిచ్చే అక్షరాలతో విద్య పేరు వ్రాయాలని 1936లో నాహా పట్టణంలో గురువులు సమావేశమై నిర్ణయించారు. పేరు, శ్రేణి, దుస్తు మూడూ ఒకే దిక్కుకు నడిచాయి. దూరపు దీవి నుండి వచ్చిన విద్యను ప్రధాన భూభాగం తన బిడ్డగా ఒప్పుకోవాలంటే, అది తన బిడ్డలా కనిపించవలసి వచ్చింది. దీనివల్ల కరాటే ప్రపంచమంతా పాకింది. అయితే పెరటి అభ్యాసపు ఒకినావా రూపం ఆ తెల్లబట్ట వెనుక కొంత మరుగుపడిందన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే.

అరువు తెచ్చినా, బట్ట మారింది. కరాటేలో ముఖ్యమైన పని పట్టి లాగటం కాదు. గుద్దటం, తన్నటం, వెంటనే వెనుకకు తీసుకోవటం. మందపు నేత ఇక్కడ బరువుచేటు. కనుక సాదా నేత నూలు కాన్వాసు చాలునని తేలింది. ఈ బట్ట మందాన్ని వర్తకులు ఔన్సులలో చెబుతారు. ఎనిమిది ఔన్సుల బట్ట అంటే చదరపు గజానికి ఎనిమిది ఔన్సుల బరువు, అనగా చదరపు మీటరుకు సుమారు 270 గ్రాములు. పన్నెండు ఔన్సులదైతే 400 గ్రాములు దాటుతుంది. బరువు బట్ట గుద్దినప్పుడు ‘ఫట్’మని మోగుతుంది, కుర్రవాళ్ళకు ఆ చప్పుడు ముచ్చట. ఆ చప్పుడు బట్ట బిరుసుదనానిదే గాని గుద్దు బలానిది కాదు. వేసవిలో విజయవాడలోనో, రామగుండంలోనో సాధన చేసే విద్యార్థికి తేలిక బట్టే మేలు.

కొలత తీసుకొనేటప్పుడు నూలు స్వభావాన్ని మరువరాదు. మగ్గం మీద పడుగు దారాలను బిగలాగి నేస్తారు. బట్ట నీటిలో తడిసినప్పుడు నూలు పోగులు నీరు పీల్చి లావెక్కుతాయి. లావెక్కిన పేక దారాన్ని చుట్టి పోవాలంటే పడుగు దారం మరింత వంపు తిరగాలి. దారం పొడవు అంతే కనుక బట్ట పొట్టిదవుతుంది. వంద సెంటీమీటర్ల లాగు ఐదు శాతం ముడుచుకొన్నదనుకొంటే, ఐదు సెంటీమీటర్లు పోయినట్లే. శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికా దేశస్థుడు మిల్లులోనే బట్టను ముందుగా ముడిపించే పద్ధతిని కనిపెట్టి 1930 ప్రాంతంలో వ్యాప్తిలోకి తెచ్చాడు. అట్లా ముడిపించని బట్టయితే ఒక సైజు పెద్దది తీసుకోవటమే తెలివి. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల ప్రకారం పోటీలలో అంగీ తుంటిని కప్పాలి, చేతులు మణికట్టు దాటరాదు, లాగు చీలమండ ఎముక దాటరాదు. పొడుగైనవని మడిచి కట్టటానికి వీలులేదు. అంగీ ఎడమ అంచు కుడి అంచుపైకి రావాలి. దానికి తారుమారుగా తొడగటం జపానులో శవాలకు మాత్రమే.

ఉతకటం సంగతి. అప్పుడే పట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు; చర్మంపై బాక్టీరియా దానిని విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. తడి దుస్తును సంచిలో కుక్కి మరునాటిదాకా ఉంచటం వాటికి విందు చేయటమే. సాధన కాగానే చన్నీళ్ళలో జాడించాలి. రక్తపు మరక పడితే వేడినీళ్ళు తగలనీయరాదు; కోడిగ్రుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్లే రక్తంలోని మాంసకృత్తులు దారంలో గట్టిపడిపోతాయి. తెలుపు కోసం బ్లీచింగు మందు పదేపదే వాడితే అందులోని క్లోరిను సంబంధమైన పదార్థం నూలులోని సెల్యులోజును ఆక్సీకరించి దారాన్ని పెళుసు చేస్తుంది. చప్పుడు కోసం గంజి పెట్టటం మరీ తప్పు: మెడ ఒరుసుకొంటుంది, వానాకాలంలో బూజు పడుతుంది. పాలియెస్టరు కలిసిన బట్ట త్వరగా ఆరుతుంది, అంతగా ముడుచుకోదు. కాని చర్మపు జిడ్డును పట్టుకొని వాసనను వదలదు.

బెల్టును మాత్రం ఉతకకూడదని, పూర్వం తెల్లబెల్టు మురికిపట్టి నల్లబెల్టు అయ్యేదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కానో శిష్యులు కట్టినది మొదటి నుండీ నల్లనిదే. మురికికి ఆ శ్రేణితో సంబంధం లేదు. పైగా పాతబడిన నల్లబెల్టు అంచులు అరిగి లోపలి తెల్లని నూలు బయటపడుతుంది. తామర వంటి చర్మవ్యాధులు బట్టల ద్వారా కూడా అంటుకొంటాయి కనుక బెల్టునూ ఉతకవలసిందే. రంగు దిగవచ్చును, అందుచేత తెల్ల దుస్తులతో కలపక విడిగా, చన్నీళ్ళలో, కొద్ది సబ్బుతో ఉతికి, పిండకుండా నీడన వ్రేలాడదీయాలి.